ఎర్తింగు గుంతలో ఉప్పు

పగ పెట్టుకున్న చేత్తో దీపం వెలిగిస్తే దేవుడు ఆ దీపాన్ని తీసుకుంటాడా, తీసుకోడా? ఈ అనుమానం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఒక సోమవారం అభిషేకం అయ్యాక మల్లికార్జునస్వామి గుడిలో పూజారినే అడిగాను. ఆయన హడావిడిలో ఉన్నాడు. "నూనె మంచిదైతే చాలమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఇంటికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. నూనె సంగతి నాకు తెలుసు. నేను అడిగింది చేతి సంగతి.

ఆ పగ ఎవరి మీదో కంబదూరులో మా వీధి వాళ్ళందరికీ తెలుసు. మా పక్కింటి కేశవ మీద. కేశవ మా ఆయన తిమ్మప్పకు చిన్నాన్న కొడుకు, నాకు మరిది వరస. రెండిళ్ళకూ మధ్య రొమ్మెత్తు గోడ ఒకటే అడ్డం. గోడకు ఇవతల మా తులసికోట, దాని పక్కన నేను అంట్లు తోమే బండ. అవతల వాళ్ళ వాకిలి.

పదకొండేళ్ళ కిందట మా రెండు కుటుంబాలకూ కళ్యాణదుర్గం దారిలో పక్కపక్కనే చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, ఉండేవి. చెరొక బోరు, ఇద్దరికీ కలిపి ఒక ట్రాన్స్‌ఫార్మర్. భూమి కింద జల కూడా ఇద్దరికీ ఒకటే. మా మోటరు ఆడితే వాళ్ళ బోరులో నీళ్ళు తగ్గేవి, వాళ్ళది ఆడితే మాకు తగ్గేవి. అందుకని రోజు మార్చి రోజు వాడుకోవాలని మా మామగారి కాలంలోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ ఎండాకాలం బోర్లు సన్నగిల్లాయి. చెట్లు కాపు మీద ఉన్నాయి. సరిగ్గా అప్పుడే, మా వంతు రోజున, ట్రాన్స్‌ఫార్మర్ కింద పెట్టెలో ఒక ఫీజు మాయమైంది.

మూడు ఫీజులూ ఉంటేనే బోరు మోటరు తిరుగుతుంది. ఒకటి లేకపోతే మూలుగుతూ వేడెక్కి లోపలి తీగ కాలిపోతుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అందరమూ మోటర్లను వాటంతటవే ఆడేలా పెట్టుకునేవాళ్ళం. తిమ్మప్ప తోటకు పోయేసరికి మోటరు కాలిపోయి ఉంది. దాన్ని పైకి లాగించి, కళ్యాణదుర్గంలో తీగ చుట్టించి, మళ్ళీ దించేసరికి వారం గడిచింది. దించాక మా వంతు రోజునే మళ్ళీ ఫీజు లేదు. ఆ తర్వాత ఇంకోసారి. ప్రతిసారీ అదే ఫీజు, గట్టు వైపు చివరిది. మొదటిసారి పోయినదాన్ని నేను మరిచిపోలేను. దాని పింగాణీ పిడి పగిలి ఉంటే, చెయ్యి తగలకుండా నా నీలం చీర చించి తిమ్మప్ప దానికి పేలిక చుట్టి ఉన్నాడు.

ఫీజు పోయిన ప్రతిసారీ కేశవ దగ్గర కొత్తది సిద్ధంగా ఉండేది. తెచ్చి పెట్టి, "పోతే పోయిందిలే అన్నా" అని తన వంతు రోజున మోటరు వేసుకునేవాడు. మా మోటరు పడుకుంటే వాళ్ళ బోరులో నీళ్ళు ఊరేవి. ఇంతకంటే రుజువు ఏం కావాలి అనుకున్నాను.

చీనీ చెట్టు ఎండేటప్పుడు ముందు ఆకు ముడుచుకుంటుంది. తర్వాత కాయ వడలి, చెట్టునే వేలాడుతూ ఉంటుంది, రాలదు. తోటంతా అలా వేలాడింది. తిమ్మప్ప తనే గొడ్డలి పట్టి కొట్టాడు. కట్టె ఇటుకల బట్టీకి పోయింది.

మారెమ్మ గుడి ముందర నలుగురూ ఉండగా నేను కేశవను అడిగాను, ఫీజు పీకింది నువ్వు కాదా అని. వాడు నవ్వాడు. "ఫీజుకు కాళ్ళొచ్చి నడుచుకుంటా పోయిందేమో వదినా" అన్నాడు. నలుగురూ నవ్వారు. మా ఆయన తల వంచుకున్నాడు. నేను మాత్రం అక్కడే మాట అనేశాను. నేను పీకినా అని నీ నోటితో నువ్వు చెప్పిందాకా నీ గడప తొక్కను, నా గడప నిన్ను తొక్కనియ్యను అని. అప్పటినుంచి తొక్కలేదు. వాళ్ళింట్లో పెళ్ళి జరిగినా, చావు జరిగినా గోడ ఇవతలే నిలబడ్డాను.

అయితే ఆ ఇంటి మీద నోరారా శాపం పెట్టలేకపోయాను. దానికి కారణం ఉప్పు.

ఆ ఎండాకాలమే, మొదటి ఫీజు పోయిన రోజున, మామిడికాయ ఊరగాయకు ఉప్పు చాలక గోడ మీదుగా కేశవ భార్య జయంతిని అడిగాను. అప్పటికి తోటలో ఏం జరిగిందో ఇంకా ఇంటికి తెలియలేదు. జయంతి మా ఇత్తడి సేరు తీసుకుపోయి కల్లుప్పు శిఖరం కట్టేలా నింపి తెచ్చి గోడ మీద పెట్టింది. ఉప్పు చేతి నుంచి చేతికి ఇవ్వరు కదా, కింద పెడితే తీసుకున్నాను. మా అత్త బతికున్నప్పుడు ఒక మాట చెప్పేది. బియ్యం, పప్పు బదులు తెచ్చుకుంటే తిరిగి ఇచ్చెయ్యాలి. అయినవాళ్ళ ఉప్పు మాత్రం అంత వెంటనే తిరిగి ఇవ్వకూడదు, ఎప్పటికో మరిచిపోయినట్టు ఇవ్వాలి, కొలిచి తిరిగి పెడితే ఇంక మాకూ మీకూ ఏమీ లేదు అన్నట్టే అని. మా వంశంలో అన్నదమ్ములు వేరు పడిన రోజున ఒకరి వాకిట్లో ఒకరు ఉప్పు కొలిచి పోసుకున్నారట.

కాబట్టి ఆ సేరు ఉప్పు నేను తిరిగి ఇవ్వలేదు. కేశవ చెడ్డవాడు, జయంతి మంచిది అని మనసులో గీత గీసుకున్నాను. సాయంత్రం దీపం పెట్టి వాడు నాశనమైపోవాలని అనబోయే సమయానికి, శిఖరం కట్టిన ఆ సేరు కళ్ళ ముందు నిలిచేది. ఆమె పిల్లలు కూడా వాడి పిల్లలే. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి నమస్కారం చేసి లేచేదాన్ని. పదకొండేళ్ళు ఇదే నా పూజ.

కేశవ నాశనం కాలేదు. పైన ఉన్న మెట్ట భూమి గాలిమరల వాళ్ళకు గుత్తకు ఇచ్చాడు, ఇల్లు కట్టాడు, వాకిలంతా గ్రానైట్ పరిపించాడు. ఈ వైశాఖంలో తెల్లటి కరెంటు కారు కొన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, వీధంతా మిఠాయి పంచారు. మా ఇంటికి కూడా పంపారు. తిమ్మప్ప తిన్నాడు.

కారును ఇంట్లోనే చార్జింగు చేసుకోవడానికి అడ్డగోడకు, సరిగ్గా నా తులసికోటకు ఎదురుగా, ఒక తెల్ల పెట్టె బిగించారు. కంపెనీ మనిషి అనంతపురం నుంచి వచ్చి మీటరు పెట్టి చూసి, ఎర్తింగు లేదు, ఇలా ఉంటే ఈ పెట్టె పని చెయ్యదు, మంచి ఎర్తింగు చేయించుకోండి అని చెప్పి పోయాడట. పెట్టెకు కరెంటు వస్తోంది, కానీ ముందర ఎర్ర లైటు. భూమిలోకి సరైన దారి దొరికితేనే పచ్చ లైటు వెలిగి కారుకు కరెంటు పోతుందట. లేకపోతే పోదు, మనిషికి షాకు కొట్టకుండా అదొక జాగ్రత్త.

ఆ ఎర్ర లైటు గోడ మీదుగా నాకు కనిపించేది. సాయంత్రం తులసమ్మ దగ్గర దీపం పెట్టి తలెత్తితే ఎదురుగా అదొక దీపం. నిజం చెప్పాలంటే నా దీపం కంటే దాన్నే ఎక్కువసేపు చూసేదాన్ని.

కళ్యాణదుర్గం నుంచి వీరేష్ అని కరెంటు పనివాణ్ణి పిలిపించారు. ఎర్తింగు అంటే మాకు కొత్త కాదు. ఈ సీమలో నేల ఎండిపోతే ట్రాన్స్‌ఫార్మర్ కింద కూడా బిందెలతో నీళ్ళు పోస్తాం. కానీ కేశవ వాకిట్లో నీళ్ళు పోయడానికి మట్టి ఎక్కడుంది? గ్రానైటు రాయి లేపి కమ్మీ దించితే మోకాలి లోతులో బండ తగిలింది. ఇంకో మూల తవ్వితే అక్కడా బండే. అప్పుడు కేశవకు వాకిట్లో ఉన్న చచ్చిపోయిన బోరు గుర్తొచ్చింది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఒక ఎండిన బోరు ఉంటుంది. దాని మీద డబ్బంతా పోసి ఉంటాం కాబట్టి, ఎప్పటికైనా దేనికైనా పనికొస్తుందని నమ్ముతాం. అంత లోతుకు ఇనుప పైపు దిగి ఉంది, అంతకంటే ఎర్తింగు ఎక్కడ దొరుకుతుందని ఆ పైపు మూతికి తీగ బిగించమన్నాడు.

బిగించారు. ఎర్ర లైటే. తీగ మార్చారు. ఎర్ర లైటే. పైపును గీకి తుప్పు వదిలించి మళ్ళీ బిగించారు.

నేను మిద్దె మీద వరుగులు ఎండబెడుతూ అంతా చూశాను. ఆ బోరులో పైపు లేదని నాకు తెలుసు. బోరు ఎండిన ఏడాదే కేశవ తండ్రి కేసింగు పైపంతా పైకి లాగించి తోటలో కొత్త బోరుకు వేయించాడు. పిల్లలు పడకుండా పైన బారెడు ముక్క మాత్రం సిమెంటుతో నిలబెట్టారు. అప్పుడు కేశవ బళ్ళారిలో పత్తి మిల్లులో పని చేస్తుండేవాడు. వాడికి తెలియదు. చెబితే ఒక్క మాటతో తేలిపోయే పని. నేను చెప్పలేదు. మూడు రోజులు ఆ ముక్కను గీకుతుంటే వరుగులు తిరగేస్తూ కూర్చున్నాను. ఏకాదశి ఉపవాసం నాకు ఎప్పుడూ అంత తేలిగ్గా గడవలేదు.

ఈ లోపల కారును చార్జింగుకు కళ్యాణదుర్గం తీసుకుపోతుండేవాళ్ళు. ఒకరోజు కేశవ లెక్క తప్పాడు. దారి మధ్యలో ఆగిపోయిన కొత్త కారును కిరాయి లారీ మీద ఎక్కించి, బజారు మధ్యనుంచి ఇంటికి తెచ్చారు. కేశవ లారీలో డ్రైవరు పక్కన కూర్చుని తువ్వాలు తల మీద వేసుకున్నాడు. నేను వీధి వాకిట్లో నిలబడి చూశాను. ముసుగు తియ్యమని పిలవాలనిపించింది. మారెమ్మ గుడి ముందర మా ఆయన తల వంచుకున్నప్పుడు ముసుగు వేసుకోవడానికి ఆయనకు తువ్వాలు కూడా లేదు.

మర్నాడు వీరేష్ ఏం తోచిందో, ఒక తీగ గోడ మీదుగా మా వైపు వేసి, దాని కొసకు కట్టిన ఊచను నేను అంట్లు తోమే చోట మట్టిలో గుచ్చాడు. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆ చోట నేను నీళ్ళు పోయని రోజు లేదు. కరువులో కూడా బియ్యం కడిగిన నీళ్ళు తులసికి, అంట్లు కడిగిన నీళ్ళు ఆ మట్టికి. గోడ అవతల పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది.

"అక్కా, మీ ఇంట్లో ఉండాది మీ మరిది కారుకు ప్రాణం" అన్నాడు వీరేష్.

ఊచ పీకి వాడి చేతికి ఇచ్చాను. లైటు మళ్ళీ ఎర్రబడింది.

ఆ సాయంత్రం తిమ్మప్పతో చిన్న పోట్లాట అయింది. రెండడుగుల మట్టి, తవ్వుకుంటే ఏం పోతుంది, వాడు నా తమ్ముడు అని ఆయన వాదన. తోట పోయినప్పుడు కూడా ఇదే మాట అన్నావని గుర్తు చేశాను. పెట్టిన చెట్లు పోయాయి, మనుషులను కూడా ఎందుకు పోగొట్టుకోవాలి అన్నాడు. నేను అన్నం వడ్డించి లేచిపోయాను. ఇస్తాను, కానీ వాడే వచ్చి అడగాలి అని వంటింట్లోంచే చెప్పాను. ఆ రాత్రి నిద్రపోయే ముందు దేవుడికి దండం పెట్టుకుంటూ నాకొక మాట తోచింది. ఇన్నేళ్ళూ నేను అడిగింది ఇదేనేమో, నా దీపం ఇన్నాళ్ళకు చేరిందేమో అని. పగ కోసం దండం పెట్టుకున్నా దేవుడు వింటాడా అనే ఇంకో అనుమానం కూడా వెంటనే వచ్చింది. దాన్ని పక్కన పెట్టి పడుకున్నాను.

కేశవ పొద్దున్నే వచ్చాడు. గడప బయటే ఆగాడు. తులసికోట పక్కన బండ మీద కూర్చోమన్నాను, కూర్చున్నాడు. జుట్టు పలచబడింది. దగ్గరి నుంచి చూడక చాలా కాలమైంది.

"ఏం వదినా, గుంత తవ్వుకునేకి చోటియ్యవంట" అన్నాడు.

"ఇస్తా. ఒక మాట చెప్పల్ల నువ్వు."

"ఏం మాట?"

"మారెమ్మ గుడి కాడ అడిగిందే. నీ నోటితో చెప్పు. తులసమ్మ సాక్షి, చెప్పినాక ఒక్క గడియ కూడా ఆపను."

వాడు గోడ అవతల కారు వైపు చూశాడు. "ఇంగా అదేనా వదినా" అన్నాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"సరే. నేనే పీకినా. చాలునా? ఇంగ వీరేష్‌ను పిలుద్దునా?"

ఆ మాట వింటే నా ఒంట్లో ఏదో దిగిపోతుందని పదకొండేళ్ళుగా అనుకున్నాను. ఏమీ దిగలేదు. సంతలో బేరం కుదుర్చుకున్నవాడిలా చెప్పాడు.

"ఏ ఫీజు పీకినావు?" అని అడిగాను.

"ఏ ఫీజంటే?"

"మూడుంటాయి కదా. ఏది?"

వాడు ఆలోచించాడు. "నడిమిది" అన్నాడు.

నా ముఖం చూసి తప్పు చెప్పానని వాడికి అర్థమైంది. నవ్వాడు. "ఎప్పటి మాట వదినా, ఆ పక్కదో ఈ పక్కదో యాడ గుర్తుంటాది. పీకినా అంటిని కదా. నువ్వు మాటిచ్చినావు" అన్నాడు.

ఇచ్చాను. తులసమ్మ సాక్షి అని కూడా అన్నాను. తవ్వుకో అన్నాను.

ఆ పగలంతా నాకు పని సాగలేదు. మూడుసార్లు పీకినవాడు ఏది పీకాడో మరిచిపోతాడా? పేలిక చుట్టిన ఫీజును చేత్తో పట్టుకున్నవాడు మరిచిపోతాడా? అది మరుపు కాదంటే వాడు పీకనే లేదు. వాడు కాకపోతే ఎవరు? నేను ఎవరి గడప తొక్కకుండా మానుకున్నాను, ఎవరి చావుకు పోకుండా ఉన్నాను? మధ్యాహ్నానికల్లా కేశవ చెప్పిన మాట టీ అంగడిలో అందరికీ తెలిసిపోయింది. ఎర్తింగు కోసం దొంగతనం ఒప్పుకున్నానని తనే నవ్వుతూ చెప్పాడట. వాడితో పీకినా అనిపించింది నేను. నవ్వుకున్నది మళ్ళీ వాళ్ళే. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు సోమవారం. వీరేష్ గునపం తెచ్చుకుని అంట్లు తోమే బండ పక్కన గుంత తవ్వాడు. తిమ్మప్ప అడగకపోయినా పార పట్టుకుని మట్టి ఎత్తాడు. నడుము లోతు దాకా తడి మట్టే వచ్చింది. ఆ ఊళ్ళో ఆ వేసవిలో అంత లోతున తడి మట్టి ఇంకెక్కడా లేదేమో. టిఫిను వేళకు వాళ్ళిద్దరూ బజారుకు పోయారు. కేశవ బొగ్గులూ ఉప్పూ తెస్తానని వెళ్ళాడు. నేను ఉపవాసం కాబట్టి తులసి దగ్గరే కూర్చుని ఉన్నాను.

జయంతి గోడ అవతలికి వచ్చి నిలబడింది. చాలాసేపు గుంతనే చూసింది.

"ఆయప్ప పీకినా అని చెప్పినాడంట నీతో" అంది.

"చెప్పినాడు."

"ఆయప్ప పీకలేదక్కా."

"నాకు తెల్సు. నడిమిది అన్నాడు" అన్నాను.

"చివరిది" అంది జయంతి. "గట్టు పక్కది. నీలం పేలిక చుట్టింటిరి దానికి."

నేను లేచి నిలబడ్డాను. తులసికోట అంచు పట్టుకున్నాను. ఆమె నా వైపు చూడకుండానే చెప్పుకుంటూ పోయింది. ఆ పొద్దు తోటలో కూలీలకు మజ్జిగ పోయడానికి పోయిందట. వాళ్ళ తోటలో చెట్లన్నీ ఆమె పెళ్ళయి వచ్చిన ఏడు తన చేత్తో పెట్టినవి. ఆకు ముడుచుకోవడం చూసిందట. మా మోటరు ఒక్క వారం ఆగితే చాలు అనుకుందట. వారం తర్వాత ఇంకో వారం అనుకుందట. కేశవకు చెప్పలేదు. కొత్త ఫీజులు కొన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకోమని మాత్రం చెప్పిందట. మారెమ్మ గుడి కాడ అందరూ నవ్విన రోజు ఇంట్లో తలుపేసుకుని కూర్చుందట.

"పీకినవి యాడ పెట్టినావు?"

జయంతి తల తిప్పి వాకిట్లో ఉన్న చచ్చిన బోరు వైపు చూసింది. "దాంట్లో ఏసినా. మూడూ దాంట్లోనే ఉండాయి" అంది.

మూడు రోజులు కేశవ గీకిన పైపు ముక్క కింద నా నీలం చీర పేలిక ఉంది. వాడు అక్కడ కూర్చుని భూమిని వెతుకుతుంటే నేను మిద్దె మీద నవ్వుకున్నాను. జయంతి వంటింటి కిటికీ లోంచి చూస్తూ ఉండి ఉంటుంది.

అప్పుడే ఉప్పు గుర్తొచ్చింది. శిఖరం కట్టిన సేరు. మొదటి ఫీజు పోయిన రోజే. మధ్యాహ్నం నేను గోడ దగ్గర అడిగేటప్పటికి ఆమె తోట నుంచి వచ్చేసింది. ఆ చేత్తోనే నింపింది. అందుకే అంత నింపింది. నేను పదకొండేళ్ళు దాన్ని తలచుకుని నోరు కట్టుకున్నాను.

"కేశవకు తెల్సునా?"

"తెలీదు. ఇప్పటికీ తెలీదు. చెప్పాలంటే నువ్వు చెప్పక్కా. గుడి కాడ చెప్పినా సరే."

చెప్పవచ్చు. సాయంత్రం మారెమ్మ గుడి ముందర చెబితే, కేశవ ఈసారి తువ్వాలు వేసుకున్నా ముఖం దాగదు. టీ అంగడిలో నవ్వినవాళ్ళు ఇంకోలా నవ్వుతారు. ఆ మాట నా నాలుక మీద ఉంది. తియ్యగా ఉంది. సోమవారం, ఉపవాసం, తులసమ్మ పక్కనే నిలబడి ఉన్నాను, అయినా తియ్యగానే ఉంది. ఇది పాపమైతే దేవుడు ఆ తీపి ఎందుకు పెట్టాడో నాకు తెలియదు.

కానీ చెబితే జయంతి బరువు దిగిపోతుంది. నాలుగు రోజులు ఏడుస్తుంది, కేశవ అరుస్తాడు, తర్వాత అందరూ మరిచిపోతారు. ఆమె నా దగ్గరికి వచ్చింది దించుకోవడానికే.

"చెప్పను" అన్నాను. "నేను ఇన్నేండ్లు మోసినా. ఇంగ నువ్వు మోయి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడినుంచి పోలేదు.

మగవాళ్ళు తిరిగి వచ్చారు. వీరేష్ రాగి పలకకు తీగ బిగించి గుంతలో నిలబెట్టి, చుట్టూ మట్టి కొంచెం తొక్కి నీళ్ళు పోశాడు. గోడ అవతల కేశవ "పచ్చ, పచ్చ" అని అరిచాడు. కారుకు తీగ తగిలించాడు. కారు లోపల ఏదో సన్నగా శబ్దం మొదలైంది. వాడు ఫోను తీసి ఆ లైటుకు ఫోటో తీసుకున్నాడు. తిమ్మప్ప తనే బాగు చేసినట్టు నవ్వాడు.

"అన్నా, అప్పుడే సంబరపడొద్దు" అన్నాడు వీరేష్. ఈ నేలను నమ్మడానికి లేదని, గుంతలో బొగ్గూ ఉప్పూ పోస్తేనే తడి నిలబడుతుందని, పోసినా ఎండాకాలమంతా రోజూ నీళ్ళు పడాల్సిందేనని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు అంట్లు ఇంకో తావ తోమితే మీ మరిది కారు ఆగిపోతాది, చూసుకో."

అందరూ నవ్వారు. జయంతి నవ్వలేదు. నేను ఆమెనే చూస్తున్నాను. ఇంక ప్రతి పొద్దూ ఆమె వంటింటి కిటికీ లోంచి చూడాలి, నేను బిందె ఎత్తుతున్నానా లేదా అని. నేను ఊరికి పోతే చూడాలి. నాకు జ్వరమొస్తే చూడాలి. మా మోటరు ఆడుతుందో లేదో అని గట్టు మీద నిలబడి నేను చూసినట్టు.

కేశవ తెచ్చిన సంచి విప్పితే పొడి ఉప్పు పాకెట్లు ఉన్నాయి. వీరేష్ పెదవి విరిచాడు, కల్లుప్పు కావాలన్నాడు. అంగట్లో ఇప్పుడు కల్లుప్పు ఎవరు పెడతారని కేశవ విసుక్కున్నాడు. తిమ్మప్ప నన్ను చూసి, "మన జాడీలో ఉండాది కదా, కొంచిం తీసుకురాపో" అన్నాడు.

లోపలికి పోయాను. ఆ ఇత్తడి సేరు అటక మీద ఉంది. దించి, చింతపండుతో తోమి, తుడిచాను. జాడీలో ముంచి నింపాను. పైన ఇంకా పోశాను, గింజలు జారిపోయేదాకా, శిఖరం కట్టేదాకా. ఆమె ఎంత ఇచ్చిందో అంత. ఒక్క గింజ కూడా తగ్గనివ్వలేదు.

బయటికి తెచ్చి గుంతలో పొయ్యలేదు. గోడ దగ్గరికి పోయి, పదకొండేళ్ళ కిందట ఆమె ఎక్కడ పెట్టిందో అక్కడే పెట్టాను.

"ఇదో జయంతీ, నీ ఉప్పు" అన్నాను.

మగవాళ్ళకు అర్థం కాలేదు. తిమ్మప్పకు మాత్రం ఒక క్షణం తర్వాత అర్థమైంది. పార నేలకు ఆనించి, "ఏమే, రత్నా" అన్నాడు మెల్లగా. వాళ్ళమ్మ మాటలు ఆయనా విన్నవాడే.

జయంతి సేరును ముట్టుకోలేదు. "వద్దక్కా" అంది. "అది నేను అడగలేదు. ఎప్పటికీ అడగను."

"తీసుకో. గుంతలో నువ్వే పోసుకో. మీ కారుకే కదా."

"నీళ్ళు పోస్తావా అక్కా?"

"చూస్తాం" అన్నాను.

వీరేష్ ఎండ ఎక్కుతాంది, తొందరగా కానియ్యండని అన్నాడు. జయంతి రెండు చేతులతో సేరు ఎత్తుకుంది. వీధిలోకి వచ్చి, మా గేటు తోసుకుని, ఇన్నేళ్ళ తర్వాత మా వాకిట్లోకి నడిచి, గుంత పక్కన కూర్చుంది. ఉప్పును కొంచెం కొంచెంగా రాగి పలక చుట్టూ పోసింది. తడి మట్టిలో అది కాసేపు తెల్లగా కనిపించి కరిగింది. సేరు అడుగున అంటుకున్న గింజలను కూడా వేలితో తీసి వేసింది. ఖాళీ సేరును నా ముందు నేల మీద పెట్టింది.

నేను వంగి తీసుకున్నాను. బోర్లించి, అరచేత్తో అడుగు మీద ఒకసారి తట్టాను. ఏమీ రాలలేదు.